చింతపండు తిన్న శంఖం

దేశాయి భీమసేనరావు గారు మా ముత్తాత. ఆయన తండ్రి దేశాయి రాఘవేంద్రరావు గారు. సంస్థానం రోజుల్లో కృష్ణ ఒడ్డున పన్నెండు ఊళ్ళ పెత్తనం మా గడపది. దర్బారులో తక్కినవాళ్ళు నిలబడితే మా వాళ్ళకు కూర్చునే పీట ఉండేది. మా ఊరి జాతరలో తేరు కదలాలంటే ముందు మా ఇంటి శంఖం మోగాలి. ఆ శంఖం సంస్థానం వారు రాఘవేంద్రరావు గారికి స్వయంగా చేతికిచ్చినది. ఇదంతా మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఈ మాటలు చెప్పకుండా నేను ఎవరితోనూ పరిచయం మొదలుపెట్టేవాణ్ణి కాదు. ఈరన్న సారుతోనూ ఇలాగే మొదలుపెట్టాను.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. పండగ ముందు రోజు మా ఆవిడ దేవుడి ఇత్తడి సామాను తోమడానికి గిన్నెలో చింతపండు నానబెడుతుంది. ఆ పులుపు వాసన గది దాటి నా కుర్చీ దాకా వస్తుంది. ఆ వాసన తగిలితే నేను ఇంట్లో కూర్చోలేను. చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళి, బస్టాండు దగ్గర ఆటోల మధ్య కాసేపు నిలబడి వస్తాను. మా ఆవిడ చాలాకాలం అది నా చాదస్తం అనుకుంది. చాదస్తం కాదు, సిగ్గు. ఆమెకు కూడా ఇంతవరకు పూర్తిగా చెప్పలేదు.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో ఇటిక్యాల దిక్కున ఒక హైస్కూల్లో నేను విద్యా వలంటీరుగా చేరాను. ఈరన్న సారు అక్కడ సైన్సు చెప్పేవారు. సన్నని మనిషి. యాభై దాటిన వయసు. గద్వాల నేతగాళ్ళ ఇంటివారు. చిన్నప్పుడు తండ్రి పక్కన నూలుకు రంగులు అద్దిన చేతులు కాబట్టి గోళ్ళ అంచున ఎప్పటిదో ఒక నీలిచాయ ఉండిపోయింది. నేను వెళ్ళి, ఫలానా దేశాయి వారి మునిమనవణ్ణని చెప్పి, ఆయన లేచి నిలబడతారేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆయన లేవలేదు. పక్క కుర్చీ జరిపారు.

"కూసోండ్రి దేశాయి సార్. మా నాయిన మీ ఇంటికి చీరల మూట తెచ్చేటోడు. వాకిట్ల నిలబడేటోడు. ఎండల వచ్చిండని మీ అవ్వ చల్ల పోసేదంట. శాన మంచి చల్ల అని చెప్తుండె."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినా 'వాకిట్ల' అన్న ఒక్క మాట నాకు ఆ రోజంతా గుచ్చుకుంది. చల్ల సంగతి గుర్తుపెట్టుకోవాలని తోచలేదు.

ఆయనకొక పిచ్చి ఉందని బడిలో అందరూ అనుకునేవారు. సముద్రం పిచ్చి. ఎన్నడూ సముద్రం చూడని మనిషి. మా జిల్లా నుంచి సముద్రానికి ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణం. ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివారట, మనం కాల్చే బొగ్గు, డీజిలు పొగలో కొంత సముద్రం తాగేస్తోందని, దానివల్ల ఆ నీటి గుణం పులుపు వైపు మారుతోందని, గుల్లలు కట్టుకుని బతికే జీవులకు గుల్ల కట్టుకోవడం కష్టమవుతోందని. చదివి ఊరుకోలేదు. సెలవు రోజుల్లో పాత మోపెడ్ మీద సంతలకు వెళ్ళి, జనాన్ని ఆపి ఆ సంగతి చెప్పేవారు. ఆ చెప్పే పద్ధతి ఆయనదే. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పసుపు కలిపి, సున్నపు తేట వంచితే నీళ్ళు ఎర్రగా అవుతాయి. హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు ఎవరికి తెలియవు? ఆ గ్లాసులో బొప్పాయి ఆకు కాడ పెట్టి, ముందు నిలబడ్డవాణ్ణి ఊదమనేవారు. బుడగలు వచ్చేలా కాసేపు ఊదితే ఎరుపు విరిగి, నీళ్ళు మళ్ళీ పసుపుపచ్చగా మారేవి.

"చూసినవా, నీ ఊపిరే. విషం కలిపిన్నా? మందు కలిపిన్నా? ఉత్త ఊపిరికే సున్నపు గుణం ఇరిగిపాయె. లారీలు, బట్టీలు, కరెంటు కోసం కాల్చే బొగ్గు, గీటన్నిటి ఊపిరి సముద్రం ఎంత తాగుతుండొచ్చు?"

మొదట్లో జనం దగ్గరికి రావడానికే జంకేవారు. మా వైపు ఎర్రనీళ్ళంటే దిష్టి తీసి నాలుగు బాటల కూడలిలో పారబోసేవి. తొక్కితే ఏదో అవుతుందని పక్కకు తప్పుకునేవారు. ఆయనేమో ఆ నీళ్ళను చేతిలో పట్టుకుని పిలుస్తారు. నా దస్తూరీ బాగుంటుందని ఆయన అట్టల మీద బొమ్మల కింద మాటలు నాతో రాయించుకున్నారు. అలా ఒకటి రెండుసార్లు ఆయన వెనక సంతకు వెళ్ళాను. దూరంగా, చెప్పుల దుకాణం నీడలో నిలబడేవాణ్ణి. ఒకసారి ఒక రైతు ఆయన్ను పట్టుకున్నాడు.

"సారూ, నా బోరు ఎండి మూడేండ్లాయె. సముద్రం పులిస్తే నాకేంది, తియ్యగైతే నాకేంది?"

"నీ బోర్లకు నీళ్ళు ఏడికెల్లి రావాలె?"

"వానకెల్లి."

"వాన ఏడికెల్లి వస్తది?"

రైతు పైకి చూసి, "మీదికెల్లి," అన్నాడు. అందరూ నవ్వారు. ఈరన్న సారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

"మీదికి ఏడికెల్లి పోయిందే మరి? సముద్రం నీకు పెట్టే ఇల్లు. పెట్టే ఇంటి బాగోగులు అడుగుతమా లేదా? ఇంకో మాట. సముద్రం పులుసు అయితలేదు. గట్ల చెప్తే అబద్ధమైతది. అది ఇంకా సున్నం దిక్కే ఉన్నది. కానీ పులుపు దిక్కు జర జర జరుగుతున్నది."

కూరగాయల గంప ముందు కూర్చున్న ముసలమ్మ, "నా కోడలు కాసే చారు కన్నా పులుపా సారూ?" అంది.

"ఆ చార్ల నత్తగుల్ల ఏసి సూడు అవ్వా. కోడలి సంగతి, సముద్రం సంగతి రెండూ తెలుస్తయి."

తిరుగు దారిలో నేను అడిగాను, చూడని సముద్రం మీద ఇంత తాపత్రయం ఎందుకని. ఆయన మోపెడ్ ఆపి, కొంచెం ఆలోచించి చెప్పారు.

"మా నాయిన బావినీళ్ళు నాలిక మీద ఏసుకొని చెప్పేటోడు సార్, ఈ నీళ్ళకు ఎరుపు నిలవదు, ఈటికి నిలుస్తది అని. నీళ్ళకు గుణముంటదని నాకు చిన్నప్పుడే ఎరుక. ఇగ గుల్ల కట్టుకునే పురుగు ఉన్నది సూడుండ్రి, అది నేతగాని లెక్కనే. దాని ఇల్లు అదే నేసుకుంటది. సున్నం దానికి నూలు. నూలు దొరక్కుంట చేస్తున్నం మనం. నూలు లేని మగ్గం ఎట్లుంటదో నేను సూసిన."

ఆ మాటకు ఆయన్ను మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోవడం మా ఇంట్లో పైనుంచి కిందికి జరిగే పని. ఆయన్ను కింద పెట్టి మెచ్చుకోవడం నాకే ఎబ్బెట్టుగా తోచింది, పక్కన పెట్టి మెచ్చుకోవడం చేతకాలేదు.

ఆ ఏడు గద్వాలలో బడుల సైన్సు ప్రదర్శన పెడుతున్నారు. కృష్ణలో దొరికే నత్తగుల్లలు, పచ్చీసాట గవ్వలు తప్ప తన దగ్గర పెద్ద సముద్రపు గుల్ల ఒక్కటి కూడా లేదని సారు దిగులుపడ్డారు. "పెద్దది ఒక్కటుంటే జనం కండ్లకు ఆనుతుండె," అన్నారు. నేను ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో శంఖం ఉందన్నాను. ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో, తేరు ఎలా కదిలేదో అంతా చెప్పాను. వచ్చే ఆదివారం వచ్చి చూడమన్నాను.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. మా శంఖానికి గొంతు పోయి ముప్పై ఏళ్ళ పైనే అయింది. జాతరలో నాన్న దాన్ని పెదవులకు ఆనించి నిలబడేవారు. వెనక జనంలో ఒక దాసరి తన శంఖం ఊదేవాడు. ఊరంతటికీ తెలుసు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. భూములు సీలింగులో పోయిన ఏడే శంఖం మూగబోయిందని నాన్న చెప్పేవారు. ఇంటి పొద్దు వాలింది కాబట్టి శంఖం అలిగింది, అది మా ఇంట్లో పురాణం. నేను ఆ పురాణం విని పెరిగాను. ఓడిపోయిన ఇంటికి అది కూడా ఒక గొప్పే. మా దుఃఖానికి దేవుడి సామాను కూడా నోరు మూసుకుందని.

ఆదివారం సారు వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో అరడజను అరటిపళ్ళతో వచ్చారు. నేను ఆయన్ను లోపలికి పిలవలేదు. అరుగు మీద చాప వేసి, శంఖాన్ని పట్టుగుడ్డలో బయటికి తెచ్చాను. వాళ్ళ నాన్న నిలబడిన వాకిలి అక్కడికి నాలుగు అడుగులు. ఆయన రెండు చేతులూ కడుక్కుని, తుడుచుకుని, శంఖాన్ని పసిపిల్లను అందుకున్నట్టు అందుకున్నారు. ఎండకు ఎత్తి చూశారు. లోపల పెట్టిన వేళ్ళ నీడ గుల్లలోంచి బయటికి కనిపించింది. ఊదే చోట అంచు అరిగి, పెళుసై, పళ్ళు పళ్ళుగా విరిగి ఉంది. పైన నునుపు లేదు. గోడకు వేసిన వెల్లలా వేలికి తెల్లటి పొడి అంటింది. ఆ పొడిని ఆయన చాలాసేపు చూశారు.

"దీన్ని దేనితోని కడుగుతరు సార్?"

లోపలి నుంచి మా అమ్మ జవాబిచ్చింది. "దేవుని సామానుతోనే తోముతం నాయినా. ఏకాదశి ఏకాదశికి. మా తోపుల చింతపండు, కొత్తది. రాత్రంత నానబెట్టి, దాంట్లనే మునగేసి, పొద్దుగాల రుద్దుతం. మా అత్తగారు గట్లనే చేసేది. ఆమె అత్తగారు కూడ."

ఈరన్న సారు నా ముఖం చూశారు. చెప్పాలా వద్దా అని ఆయన తటపటాయించడం నాకు కనిపించింది. ఉపాధ్యాయుడు కాబట్టి చెప్పారు. గొంతు తగ్గించి చెప్పారు.

"చింతపండు తిన్నది సార్ దీన్ని. ఇత్తడికి మంచిదే, గుల్లకు పగ. నెలకింత, ఏడాదికింత. అమ్మకు చెప్పకుండ్రి, బాధపడతది. ఉత్త నీళ్ళతోని కడిగితే ఉన్నదన్న ఉంటది."

శంఖం గొంతు పోయింది సంస్థానం పోయినందుకు కాదు, భూమి పోయినందుకు కాదు. మా అవ్వలు, అమ్మలు భక్తిగా, మా చెట్ల పండుతోనే, మా చేతులతో మేమే దాన్ని తినేశామన్నమాట. నా వెనక పురాణం కూలిన చప్పుడు నాకొక్కడికే వినపడింది.

"మా ఇంటి శంఖం సంగతి నీకేం తెలుసు?" అన్నాను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవారిని 'నువ్వు' అన్నాను. "రంగులు అద్దుకునే ఇళ్ళల్లో ఉంటాయా ఇవి?"

ఆయన శంఖాన్ని పట్టుగుడ్డలో చుట్టి, చాప మీద నా ముందు పెట్టారు. "ప్రదర్శనకు జర ఇస్తరా సార్?" అని అడిగారు. "మీ ఇంటి పేరు ఎవరికీ చెప్ప. మన జనం సముద్రం చూడలే, కానీ శంఖం చూసిన్రు. దీన్ని సూపిస్తే ఇగ నేను నోరు తెరిచే పని లేదు."

నేను శంఖం తీసుకుని లోపలికి వెళ్ళాను. అరటిపళ్ళు అరుగు మీదే ఉండిపోయాయి.

ఆ వారమే నేను జిల్లా విద్యాధికారికి ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. దేశాయి ఇంట్లో పేరు పెట్టకుండా కాగితం రాసిన వాళ్ళు లేరు. నా సంతకం మీద నాకు గర్వం. అయినా కింద 'గ్రామస్థులు' అని రాశాను. ఈ ఉపాధ్యాయుడు పాఠాలు మాని సంతల్లో తిరుగుతున్నాడని, దిష్టినీళ్ళతో ఆడవాళ్ళను, పిల్లలను భయపెడుతున్నాడని, పవిత్రమైన శంఖాలను పులుసులో ముంచి హేళన చేస్తున్నాడని రాశాను. మొదటిది సగం అబద్ధం. ఆయన వెళ్ళేది సెలవు రోజుల్లోనే. చివరిది పూర్తి అబద్ధం. శంఖాన్ని పులుసులో ముంచింది మేము. భాష మాత్రం చక్కగా కుదిరింది. రెండుసార్లు చదువుకుని సంతోషించాను కూడా.

విచారణకు వచ్చిన అధికారి స్టాఫ్‌రూములో ఆ ఉత్తరాన్ని ఈరన్న సారు చేతికే ఇచ్చి చదువుకోమన్నారు. నేను ఎదురు బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆయన వెనక గోడకు నేను రాసిన అట్టలు వేలాడుతున్నాయి. అదే రాత. ఆయన ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా నింపాదిగా చదివారు. మధ్యలో ఒకసారి తల తిప్పి గోడ మీది అట్టను చూశారు. నన్ను చూడలేదు.

"ఎవరి రాతో ఏమన్న ఎరుకనా?" అని అధికారి అడిగారు.

"తెల్వదు సార్," అన్నారు. కాగితం మడిచి తిరిగి ఇచ్చారు.

ప్రదర్శనలో ఆయనకు చోటు ఇవ్వలేదు. మూడు నెలలు తిరగకుండా బల్మూర్ దిక్కు బదిలీ చేశారు. గద్వాలలో మంచం పట్టిన తండ్రిని వదిలి, అంత దూరం వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళేరోజు అట్టలన్నీ చుట్టి మోపెడ్‌కు కట్టుకున్నారు. అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పారు. "పోయొస్త దేశాయి సార్." నేను తల ఊపాను. అంతే చేశాను.

మరుసటి ఏడు నా వలంటీరు పని ఆగిపోయింది. నాగర్‌కర్నూల్‌లో ప్రైవేటు బడిలో కుదిరాను. బడులు తెరిచే ముందు పిల్లల్ని చేర్పించమని ఉపాధ్యాయులను ఊళ్ళ మీదికి పంపడం అక్కడి రివాజు. చేతినిండా కరపత్రాలతో గడప గడపకూ వెళ్ళి అడగాలి. దేశాయి వారి మునిమనవణ్ణి అలా అడుగుతూ ఒక మధ్యాహ్నం బల్మూర్ చేరాను. టీ హోటలు ముందు చిన్న గుంపు ఉంది. వాళ్ళ మధ్య ఎర్రనీళ్ళ గ్లాసు. గోడకు ఆనించిన అట్టల మీద నా రాత.

తప్పుకుని పోదామనుకున్నాను. ఆయన చూశారు.

"రాండ్రి దేశాయి సార్. ఎండల వచ్చిన్రు, ముందుగాల చల్ల తాగుండ్రి." హోటలతనికి సైగ చేశారు. గ్లాసు తెచ్చి నా చేతికి తనే ఇచ్చారు. కరపత్రాలు చూశారు, వాటి గురించి అడగలేదు. నేను అట్టల వైపు చూస్తుంటే, "రాత మంచిగున్నది సార్. పారెయ్య బుద్ధి కాలే," అన్నారు.

చల్ల తాగాను. అప్పుడైనా చెప్పవలసింది. నోరు తెరిచాను. మా నాన్న ఎలా ఉన్నారని ఆయనే అడిగారు. వాళ్ళ నాన్న ఎలా ఉన్నారని నేను అడిగాను. మాఘంలో పోయారని చెప్పారు. తను చేరేసరికి అంతా అయిపోయిందని, ఇక్కడి నుంచి బస్సులు సరిగా లేవని, అంతే చెప్పారు.

గుంపులో ఎవరో, "సారూ, ఊదేదెవరు?" అని అడిగారు. ఈరన్న సారు కొత్త బొప్పాయి కాడ తుడిచి, నా ముందు పట్టారు.

"మీరు ఊదుండ్రి సార్. ఊదే ఇంటోళ్ళే గద." దగ్గరికి జరిగి, నాకు మాత్రమే వినపడేలా, "ఇయ్యాల మీ ఊపిరే ఊదుండ్రి," అన్నారు.

జాతరలో దాసరి సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. అరుగు మీద నేను 'రంగులు అద్దుకునే ఇళ్ళు' అన్నప్పుడు కూడా తెలుసు. అప్పుడు అనలేదు. నేను వంగి కాడ పెదవుల మధ్య పెట్టుకుని ఊదాను. మొదట ఏమీ కాలేదు. "గట్టిగ ఊదు పంతులూ, బువ్వ తినలేదా?" అని వెనక ఎవరో అన్నారు. నవ్వారు. బుడగలు పొంగాయి. ఎరుపు ముందు నారింజ రంగుకు తిరిగి, ఆ తర్వాత పలచబడి, చూస్తుండగానే పసుపుపచ్చగా అయిపోయింది. మా వంశంలో ముప్పై ఏళ్ళ తర్వాత జనం ముందు నిజంగా ఊదింది నేనే. అదీ బజారులో, టీ హోటలు ముందు.

క్షమించమని నేను ఆయన్ను అడగలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. మా ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు కాబట్టి నాకు రాలేదని సరిపెట్టుకునేవాణ్ణి. అది సాకు. ఆయన రిటైరై గద్వాల చేరి, కొన్నేళ్ళకు పోయారు. సముద్రం చూశారో లేదో వాళ్ళ అబ్బాయిని అడిగాను. "లేదు సార్. పోదాం పోదాం అనేటోడు," అన్నాడు.

నాన్న తర్వాత శంఖం నా చేతికి వచ్చిన ఏడు, తేరు ముందు నిలబడి, మా శంఖం మోగదని, దాసరినే ముందుకు రమ్మని చెప్పాను. ఎందుకు మోగదో చెప్పలేదు. ఊరివాళ్ళు అడగనూ లేదు. ఇప్పుడది నా పుస్తకాల బీరువాలో ఉంది. ఉత్త నీళ్ళతో కడిగి గుడ్డతో అద్దుతాను. తెల్లపొడి ఇంకా వేలికి అంటుతుంది. ఏటా ఏడో తరగతి పిల్లల ముందు గ్లాసులో పసుపు, సున్నం కలిపి ఈరన్న సారు పాఠం చెబుతాను. తెలుగు మాస్టారుకు ఇదేం పని అని మా హెడ్మాస్టరు అంటారు. చెప్పేటప్పుడు 'ఒక ఇంట్లో వాళ్ళు శంఖాన్ని చింతపండుతో తోమేవారట' అంటాను. 'మా ఇంట్లో' అని ఇంతవరకు అనలేదు. ఇక్కడ రాయడమే మొదటిసారి. రాసి, ఇంటి పేరు కూడా పెడుతున్నాను.

ఇంకొక్క సంగతి రాయాలి. నాన్న పోయిన ఏడు మా చింతతోపు అమ్మాం. కాగితం మీద సంతకం నాదే. చెట్లు పందొమ్మిది. కట్టె కోసం కొన్నవాడిది ఇటుక బట్టీ.